మంచం కింద మొలకలు

తెల్లవారగానే కృప మంచం కిందికి వంగి ట్రేలు బయటికి లాగుతుంది. తడి గోనెపట్టా తీస్తే మొక్కజొన్న గింజల మీద వేలెడు పచ్చగడ్డి నిలబడి ఉంటుంది. అడుగున వేళ్లన్నీ చాపలా అల్లుకుపోయి, ఎత్తితే ఒక్క ముక్కగా లేస్తుంది. కోళ్లకు ఆ గడ్డి మంచి మేత. ఫోన్లో వీడియోలు చూసి, మొదట్లో బోలెడు గింజలు కుళ్లబెట్టుకుని నేర్చుకుంది. పదో తరగతి మధ్యలో బడి మానేసిన తనకు, ఎవరూ చెప్పకుండా వచ్చిన విద్య అదొక్కటే.

ఆ ఉదయం మాత్రం ట్రే సగం లాగి ఆగిపోయింది. మంచం మీద నాలుగేళ్ల సుస్మి నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులో పిల్లికూతలు.

"రాత్రంతా ఇలాగే ఉందా?" అన్నాడు బాలశౌరి, పనికి వెళ్లబోతూ గుమ్మంలో నిలబడి. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో అతను వెల్డరు.

"తగ్గుతుందండీ. కోళ్లు ఇల్లు వదిలి ఎన్నాళ్లయిందని?"

అతను ఖాళీగా ఉన్న వసారా వైపు ఒకసారి చూసి, మేత సంచీ బండికి తగిలించుకున్నాడు. రోజూ ఆటోనగర్ వెళ్లేముందు ఊరి చివర కాలవగట్టు దాకా పోయి ఆ సంచీ తల్లి అమలమ్మకు ఇచ్చి వెళ్తాడు.

కోళ్లు అమలమ్మవి. భర్త పోయాక గుడ్లమ్మి బాలశౌరిని పెంచింది ఆవిడ. వానలు పట్టేదాకా ట్రేలన్నీ వసారాలోనే ఉండేవి. పందికొక్కులు వాటిని బోర్లేసి గింజలన్నీ తినేస్తుంటే, కృప తెచ్చి లోపలి గదిలో మంచం కింద పెట్టింది. అక్కడ ఎండ పడదు, గాలి కొట్టదు, తడి ఆరదు. జల్లు కొడుతోందని, వసారాలో నాయనమ్మ పక్కన పడుకునే సుస్మిని కూడా అప్పుడే ఆ మంచం మీదికి మార్చింది. కొన్నాళ్లకే దగ్గు మొదలైంది.

బెజవాడలో, సూర్యారావుపేటలో పిల్లల డాక్టరుకు చూపించారు. ఇంట్లో జంతువులు గానీ పక్షులు గానీ ఉన్నాయా అని ఆయన అడిగీ అడగకముందే కోళ్లున్నాయని చెప్పేసింది కృప. అయితే వాటిని పాపకు దూరంగా పెట్టమన్నాడాయన. తర్వాత, గదిలో చెమ్మ ఏమైనా ఉందా అని అడిగాడు. కృప లేదంది.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే అమలమ్మ వాదించలేదు. కాలవగట్టు మీద తన అక్క పాక ఖాళీగానే ఉంది, కోళ్లను అక్కడికి తోలుకుపోతానంది. కోళ్లు వెళ్తే చాలు, మీరెందుకని కృప అడిగితే, మనిషి కాపు లేకపోతే ముంగిసలు ఒక్కదాన్ని మిగల్చవని నవ్వేసింది. ఆవిడ ఒక్క మాటన్నా ఎదురు చెప్పి ఉంటే కృపకు ఇంత బరువుగా ఉండేది కాదు. గంపలు నెత్తిన పెట్టుకుని వెళ్తున్న ఆ వీపు కళ్లలోంచి పోక, మర్నాటి నుంచి మేత మరింత ఎక్కువ పెంచసాగింది. మంచం కింద చోటు చాలక గోడ పొడుగునా ట్రేలు పేర్చింది. అత్తకు ఈ మాత్రమన్నా చేస్తున్నానని సరిపెట్టుకుంది. పిల్ల దగ్గు మాత్రం పెరుగుతూనే వచ్చింది.

మధ్యాహ్నం మనసు నిలవక, వంట సగంలో ఆపి, వేళ కాకుండానే సుస్మిని తీసుకురావడానికి అంగన్‌వాడీకి వెళ్లింది. పిల్లలందరూ ఉన్నారు. సుస్మి లేదు.

"మీ అత్తగారు తీసుకెళ్లిందిగా," అంది ఆయా హెప్సిబా, అన్నం గిన్నెలు కడుగుతూ. "రోజూ అన్నాలయ్యాక వచ్చి తీసుకెళ్లి, నువ్వొచ్చే వేళకి మళ్లీ తెచ్చి దింపుతుంది. నీకు తెలుసనుకున్నానే."

కృప కాలవగట్టు మీద పరుగులాంటి నడకతో పాక చేరింది. చూరు నీడలో అమలమ్మ చాప మీద కూర్చుని ఉంది. ఆవిడ ఒళ్లో సుస్మి నిద్రపోతోంది. చుట్టూ కోళ్లు. ఒక పెట్ట అయితే పిల్ల కాళ్ల దగ్గరే రెక్కలు విదిల్చుకుంటోంది.

"ఏం పని చేశారత్తయ్యా ఇది?" అరిచింది కృప. "వద్దన్న కోళ్లలోకే తెచ్చి పడుకోబెడతారా? రాత్రుళ్లు అది ఊపిరాడక కొట్టుకుంటుంటే చూసేది నేను. మీ మనవరాలి మీద ప్రేమ ఉంటే చేసే పనేనా ఇది?"

"నెమ్మదిగా మాట్లాడు, లేస్తుంది."

"నా మీద కోపం ఉంటే నన్ననండి. పిల్ల మీద తీర్చుకోకండి."

ఆ మాటకు అమలమ్మ మొహం మాడిపోయింది. అయినా గొంతు పెంచలేదు. "ఇలా వచ్చి దాని గుండె మీద చెవి పెట్టు," అంది. "తర్వాత ఎన్నయినా అను."

కృప కదల్లేదు. అమలమ్మ ఆమె చెయ్యి పట్టి కిందికి లాగింది. కృప చెవి ఆనించింది. చిన్న గుండె టకటకా కొట్టుకుంటోంది. ఊపిరి వచ్చి పోతోంది. పిల్లికూత లేదు. నమ్మలేక మళ్లీ ఆనించింది.

"ఇక్కడికొచ్చి కాసేపు ఆడితే తేటపడుతోందమ్మా. ఇదేంటో నాకూ తెలీదు. చెబితే మళ్లీ పంపవని దాచా. దాచడం తప్పే."

అప్పుడు చూసింది కృప, పాక పక్కన కుప్పగా పడి ఉన్న గడ్డిని. ఉదయం తను పంపిన మేత. దాని కింద నిన్నటిది, మొన్నటిది. కోళ్లు దాన్ని దాటుకుని పోయి గట్టు మీద మట్టి గీరుకుంటున్నాయి.

"ఇవి తినట్లేదా?"

అమలమ్మ తల దించుకుంది. "వసారాలో పెంచినప్పుడు ఎగబడి తినేవి. ఇప్పుడు ముక్కు కూడా పెట్టట్లేదు."

కృప ఒక ముక్క తీసి తిరగేసింది. పైన పచ్చగానే ఉంది. అడుగున వేళ్ల మధ్య బూడిదరంగు బూజు, దూదిలా. వాసన చూసింది. ముక్కిపోయిన వాసన. ఆ వాసన ఆమెకు కొత్తది కాదు. రోజూ సుస్మి తలగడలో, దుప్పట్లో, జుట్టులో వస్తున్నదే. వానాకాలం కదా అనుకుని ఎన్నిసార్లు ఉతికిందో.

గడ్డి ముక్క చేతిలోంచి జారిపోయింది. 

"అత్తయ్యా, గదిలో చెమ్మ ఉందా అని డాక్టరు గారు అడిగారు. లేదన్నాను."

"తెలియక అన్నావులే."

"తెలిసే అన్నాను. ట్రేలు గుర్తొచ్చాయి. మాట నోటిదాకా వచ్చింది. అప్పటికే మీ కోళ్ల సంగతి చెప్పేశాను కదా, అది చాల్లే అనిపించింది. నా పని తప్పని ఆయన అంటే తట్టుకోలేననిపించింది."

అమలమ్మ కాలవ వైపు మొహం తిప్పుకుంది. తర్వాత అంది: "కోళ్లని పంపానని నువ్వనుకున్నావు. నన్ను పంపావమ్మాయ్."

"అవునత్తయ్యా."

 అమలమ్మ సుస్మి నుదుటి మీద జుట్టు సర్దుతూ, తనకు తాను చెప్పుకుంటున్నట్టుగా అంది: "నాదీ ఉంది. మేత ముక్కిపోయిన వాసన కొడుతోందని మొదటి సంచీ విప్పినప్పుడే తెలిసింది. శౌరికి ఒక్క మాట చెబితే పోయేది. వంక పెట్టాననుకుంటావని ఊరుకున్నా. నిజం చెప్పాలంటే, నీ మేత కోళ్లు తినలేదని లోపల కాస్త సంతోషించా కూడా. ఆ వాసనే పిల్లకు పడట్లేదని నేనేం కలగన్నా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. కృపే ముందుగా అంది, ఇప్పుడే వెళ్లి గదంతా ఖాళీ చేసి సున్నం కొడతానని, అది ఆరేదాకా సుస్మి ఇక్కడే పడుకుంటుందని, గది ఆరాక మీరు ఇంటికి రావాలని. కోళ్లకు పెరట్లో దూరంగా గూడు కట్టమని బాలశౌరికి చెబుతానంది.

"కోళ్ల సంగతి మనం తేల్చేది కాదు," అంది అమలమ్మ. "డాక్టరు ఏమంటాడో అది."

"అయితే రేపు మీరూ రండి నాతో. నేను మళ్లీ ఏ మాటన్నా మింగేస్తే మీరు చెప్పేయండి."

"నేను నోరు తెరిస్తే ఆయన మాట్లాడే పని ఉండదు," అంది అమలమ్మ. పెదవి చివర చిన్న నవ్వు వచ్చి ఆగిపోయింది.

మాటలకు సుస్మి కళ్లు తెరిచింది. తల్లి మొహం చూడగానే బిక్కచచ్చిపోయి నాయనమ్మ కొంగు పట్టుకుంది.

"నాయనమ్మని తిట్టకమ్మా. నేనే వస్తానన్నా. తప్పు నాది."

కృప అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఇక ఆగలేదు. పిల్ల చిన్న చేతులు రెండూ పట్టుకుంది. "నీ తప్పేం లేదు తల్లీ. నాయనమ్మది కూడా కాదు. అమ్మది," అంది, అత్తకు కూడా వినపడేలా.

క్షమించానని అమలమ్మ అనలేదు. పిల్లను ఒక తొడ మీదికి జరిపి, చాప మీద కొంచెం చోటు చేసి, కృప భుజం పట్టి తన పక్కకు లాక్కుంది.

"ఏడవకు. పిల్ల బెదిరిపోతుంది," అంది, తన కళ్లు తుడుచుకుంటూ.