ఫిజిక్స్ పరీక్షకు ముందురోజు

ల్యాబు తలుపు తోసిన ఆయా యాదవ్వకు ముందుగా కనిపించింది నేల మీద బోర్లా పడి ఉన్న పదో తరగతి పద్మప్రియ. ఆ పిల్ల వేళ్ల మధ్య కరెంటు తీగ ఇంకా అలాగే ఉంది.

యాదవ్వ పెట్టిన కేకకు ఎల్లారెడ్డిలోని ఆ ప్రైవేటు హైస్కూలు మొత్తం ఉలిక్కిపడింది. కొనఊపిరితో ఉన్న పిల్లను కామారెడ్డి ఆసుపత్రికి తరలించారు. స్పృహ రాలేదు. మధ్యాహ్నానికల్లా బడివాళ్లు నేరస్థుణ్ణి కూడా తేల్చేశారు. అదే తరగతి చదివే నగేశ్.

కామారెడ్డి స్టేషన్ రోడ్డులోని డిటెక్టివ్ చక్రధర్ ఆఫీసులో కూర్చుని నగేశ్ తల్లి చంద్రవ్వ ఈ సంగతంతా చెబుతుంటే, అసిస్టెంటు కళ్యాణి చేతిలో టీ చల్లారిపోయింది.

"నా కొడుకు అసొంటోడు కాదు సారూ. రేపే ఫిజిక్స్ పరీక్ష. హాల్‌టికెట్ గుంజుకున్నరు. పొద్దుగూకేలోపు పోలీసులకు అప్పజెప్తరంట."

"ఆ పిల్లతో ఏమన్న లొల్లి అయిందా?"

"నిన్న సదువుకునేటప్పుడు మాటమాట అనుకున్నరంట. 'రేపు నీ సంగతి జూస్త' అన్నడంట వీడు. పిల్లల మాటలు గవి!"

చక్రధర్ కారు తాళాలు అందుకున్నాడు. "నువ్వు గూడ రా అక్కా."

వాళ్ల వెంట కళ్యాణి కూడా ఎల్లారెడ్డికి బయల్దేరింది. తనకు కనిపించనిదేదో చక్రధర్‌కు కనిపిస్తుందని ఆమె గట్టి నమ్మకం.

హెడ్మాస్టరు రాజేశం వాళ్లను ల్యాబుకు తీసుకెళ్లాడు. గుమ్మం బయట పిల్లల చెప్పులు వరసగా ఉన్నాయి. ఆ బడిలో ల్యాబులోకైనా, ముందున్న వరండాలోకైనా చెప్పులతో రానివ్వరు.

"చూడండి. ఓమ్ నియమం ప్రయోగం," అన్నాడు రాజేశం బల్ల చూపిస్తూ. "బ్యాటరీలు తీసేసి, తీగలు గోడ ప్లగ్గుల పెట్టి అగ్గిపుల్లలతో బిగించిండు. బీడీలు చుట్టే ఇంట్ల అగ్గిపుల్లలకు కరువా?"

"చుట్టేటోళ్లం సార్, తాగేటోళ్లం కాదు," అంది చంద్రవ్వ చురుగ్గా.

మూల నిలబడ్డ ఫిజిక్స్ టీచరు ప్రేమ్‌కుమార్ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "పిల్లలను ఒంటరిగా రానియ్యొద్దుండె," అన్నాడు నీరసంగా.

ప్లగ్గు స్విచ్ ఆపే ఉందని చూసుకుని, తీగలు పీకి, చక్రధర్ బల్ల మీది వోల్టుమీటరుకు ఒక చిన్న బ్యాటరీ తగిలించాడు. ముల్లు చక్కగా లేచి ఒకటిన్నర దగ్గర ఆగింది.

"ఇది మూడు వోల్టుల మీటరే కదా మాస్టారూ?"

"ఔ సార్."

కళ్యాణి చూపు పక్క బల్ల మీది ఇనుప బోల్టు మీద పడింది. ల్యాబులో తీగలన్నీ ఎరుపో నలుపో. ఆ బోల్టుకు చుట్టింది మాత్రం ఆకుపచ్చది.

"ఎలక్ట్రోమాగ్నెట్ మేడం," అంది పద్మప్రియ స్నేహితురాలు త్రివేణి. "నిన్న ప్రేమ్‌కుమార్ సార్ చేసి చూపెట్టిండు. గుండుసూదులు గిట్ల ఎగిరొచ్చి అతుక్కున్నయ్! వైరు సాలకపోతే బయటికెళ్లి తెచ్చి మరీ చుట్టిండు."

"మరి వాళ్లిద్దరి కొట్లాట దేనికి?"

"ఎర్తింగ్ ప్రశ్న మీద. అది పక్కా వస్తదని సార్ చెప్పిండు. ఎర్తు తీగ లేకున్నా మిషన్ నడుస్తది గదా, అదెందుకని నగేశ్ అన్నడు. గట్ల రాస్తే సున్నా అస్తదని పద్మప్రియ అందరి ముందు నవ్వింది."

హెడ్మాస్టరు గదిలో కింద కూర్చున్న నగేశ్‌ను కళ్యాణి పలకరించింది. వాడు మోకాళ్ల మీంచి తల ఎత్తాడు. "నేనేం చెయ్యలె మేడం. కొద్దిగంత సదువుకుందామని జల్ది వచ్చిన. ఇప్పుడు సదివింది గూడ యాదికొస్తలేదు."

ఆమె వరండాలోకి వచ్చేసరికి చక్రధర్ మంచినీళ్ల స్టీలు కూలర్ ముందు వంగి ఉన్నాడు. సగం నిండిన సీసా ఒకటి, మూత లేకుండా, దాని కింద ఉంది. అది పద్మప్రియదేనని త్రివేణి గుర్తుపట్టింది. కూలర్ వెనక ఎర్తు గుంతలో మట్టి తడితడిగా ఉంది. పైన కల్లుప్పు ఇంకా కరగలేదు.

"యాదవ్వా, ఈ గుంతల నీళ్లు నువ్వు పోసినవా?"

"నేనా? ఎండకాలం వచ్చినప్పటిసంది పొయ్యమని మొత్తుకుంటున్నరు గని, నాకు తీరితేనా!"

గుంతలోంచి కూలర్ దాకా మెరిసిపోతున్న ఎర్ర తీగ ఉంది. కళ్యాణి వెనక్కి తిరిగి ల్యాబు వైపు చూసింది.

చక్రధర్ అందర్నీ అక్కడికే పిలిపించాడు.

"పద్మప్రియకు షాక్ కొట్టింది ల్యాబులో కాదు," అన్నాడు. "గోడ కరెంటు ఆ ప్రయోగంలో పారి ఉంటే మూడు వోల్టుల మీటరు మాడిపోయేది. అది సుబ్బరంగా ఉంది. అంటే ఆ తీగలన్నీ తర్వాత పేర్చినవి. ఆ పిల్ల పడిపోయింది ఇక్కడ. వట్టి కాళ్లతో వచ్చి, సీసా నింపుకుంటూ కూలర్ పట్టుకుంది. కూలర్ ఒంటికి కరెంటు పాకి ఉంది. దాన్ని భూమిలోకి పంపాల్సిన ఎర్తు తీగ అప్పుడు లేదు. అది లేకున్నా కూలర్ నడుస్తది కనక ఎవరూ గమనించలేదు. ఎర్తు తీగంటే ఆకుపచ్చది. అదే ల్యాబులో బోల్టుకు చుట్టి ఉంది. దాని బదులు ల్యాబులోని ఎర్ర తీగ ఈ పొద్దున ఇక్కడికి వచ్చింది. ఎర్తు కట్టగానే ఉప్పేసి నీళ్లు పోయడం మన దిక్కు అందరికీ చేతికొచ్చిన పని. కంగారులో కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. నిన్న వైరు కోసం బయటికి వెళ్లింది ఎవరో త్రివేణి చెప్పనే చెప్పింది."

అందరి తలలూ ఒకేసారి తిరిగాయి. త్రివేణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రాజేశం జేబులోంచి నగేశ్ హాల్‌టికెట్ తీసి చంద్రవ్వ చేతిలో పెట్టాడు.

ప్రేమ్‌కుమార్ గోడ పక్కన కింద కూర్చున్నాడు.

"పీకింది నేనే. ఒక్క పూటకే గదా, పోయేటప్పుడు మళ్ల పెడ్తననుకున్న. మర్చిపోయిన. పొద్దున వచ్చేసరికి పిల్ల ఈడ పడి ఉంది. పిలిస్తే పలకలె. సచ్చిపోయిందనుకున్న సార్. ముక్కు కాడ చెయ్యి పెట్టి చూడనీకె గూడ భయపడ్డ. ఎర్తింగ్ పాఠం జెప్పినోడే ఎర్తు పీకిండంటే నా బతుకేం గావాలె? కూలర్ బంద్ జేసి, పిల్లను ఎత్తుకపోయి ల్యాబుల పండబెట్టిన. తీగ చేతుల పెట్టిన."

"నగేశే ఎందుకు?" కళ్యాణి ఉండబట్టలేక అరిచింది. "వాడు మీ దగ్గర చదువుకునే పిల్లాడు!"

ఆయన చంద్రవ్వ వైపు చూడలేక తల దించుకున్నాడు.

"కొట్లాట అందరు విన్నరు. తండ్రి దుబాయ్‌ల ఉన్నడు, తల్లి బీడీలు జేసుకుంటది. వాని గురించి అడగనీకె ఎవ్వరు రారనుకున్న."