కరాళుడు తినని జ్ఞాపకాలు

రత్నగిరి రాజ్యానికి పెద్ద చిక్కే వచ్చిపడింది. సభకు ఎవరు వచ్చినా వారి పేరూ బిరుదులూ ఎలుగెత్తి చాటడానికి అక్కడొక భట్టు ఉండేవాడు. ఆ రోజు పాపం, అతడి గొంతు పూడుకుపోయింది. చాటింపు లేకుండానే రాజుగారి మనవరాలు మందారిక సభలో అడుగుపెట్టింది. విజయకేతు మహారాజు ఆమెను ఎగాదిగా చూసి, "ఎవరమ్మా నువ్వు? ఏం కావాలి?" అని అడిగాడు.

తల్లీ తండ్రీ లేని పిల్లను గుండెల మీద పెట్టుకుని పెంచిన తాత ఆయన!

మంత్రి సునీతి గడగడలాడాడు. "ఇది కరాళ రాక్షసుడి పనే! ప్రభువుల జ్ఞాపకాలు తినేశాడు. శాపం తగిలిన రాజు పున్నమిలోగా బాగుపడకపోతే అడవిలో విడిచి రావాలని పూర్వుల కట్టడి."

"మా తాతయ్యనా? అడవిలోనా? ఎలా విడుస్తారో నేనూ చూస్తాను!" అంటూ మందారిక కత్తి పట్టి గుర్రమెక్కింది.

ముళ్ళడవి దాటేసరికి బట్టలు పేలికలయ్యాయి. ఆపైన నిప్పుల లోయ అడ్డొచ్చింది. అక్కడొక రెండు తలల గండభేరుండం, ఎటు ఎగరాలో తేలక తనలో తానే కీచులాడుకుంటోంది. "పెద్దవారు, మీకెందుకండీ పేచీ? ముందు ఆ ఒడ్డుకు పోదాం, తర్వాత ఈ ఒడ్డుకు తిరిగి రండి" అని మందారిక తగవు తీర్చింది. పక్షి సంబరపడి ఆమెను వీపున మోసుకెళ్ళి రాక్షసుడి గుహ ముందు దించింది.

"కరాళా! మా తాతయ్య జ్ఞాపకాలు కక్కు!"

"అరవకే పిల్లా, అమ్మ జడుసుకుంటుంది" అన్నాడు కరాళుడు. అతడు కోరలూడిన ముసలి రాక్షసికి గంజి తాగిస్తున్నాడు. "మనుషుల్ని తిన్నానంటే ఒప్పుకుంటా. జ్ఞాపకాలు తింటే కడుపు నిండుతుందా ఎక్కడైనా? అన్నిటికీ నామీద పడి ఏడుస్తారు!"

"అన్నయ్యా, ఎవర్రా ఈ పిల్ల?" అంది ముసలి రాక్షసి.

"మన చుట్టాలమ్మాయేలే చెల్లీ" అన్నాడు కరాళుడు మెత్తగా. మందారిక తెల్లబోయి కత్తి దించింది. కరాళుడు ఆమె వైపు తిరిగాడు. "మొదట్లో నేను నీ కొడుకునే అని దెబ్బలాడేవాణ్ణి. అమ్మ ఏడ్చేది. ఇప్పుడు అన్నయ్యనే. ఇది శాపం కాదు తల్లీ, జబ్బు."

"మా తాతయ్యదీ ఇదే అని తెలిసేదెలా?"

"సభలో నిలబెట్టి అడిగితే నీకైనా నోరు పెగులుతుందా? కంటినిండా నిద్రపోయాక, పక్కన కూచుని అడుగు. మూడు వస్తువుల పేర్లు చెప్పు. కాసేపు కబుర్లాడి, అవేమిటో మళ్ళీ అడుగు. ఇది ఏ ఋతువో అడుగు, ఇంటి బొమ్మ గియ్యమను. ఎప్పట్నుంచి ఇలా ఉన్నాడో దగ్గర మసిలేవాళ్ళని అడుగు. చెవులు వినబడుతున్నాయో లేదో, ఒంట్లో వేరే నలతుందేమో వైద్యుడికి చూపించు. కొన్ని మరుపులు మందుతో తగ్గుతాయి. తగ్గనివీ ఉంటాయమ్మా."

మందారిక పున్నమికి ముందే తిరిగి వచ్చింది. పొద్దున్నే తాతయ్య పక్కన కూర్చుని దానిమ్మ, గొడుగు, నెమలి అని చెప్పింది. కాసేపటికి అడిగితే ఒక్కటీ గుర్తు లేదు. ఎండాకాలాన్ని వానాకాలం అన్నాడు. కోట బొమ్మకు గుమ్మమే పెట్టలేదు. "నాకేదో అవుతోందమ్మా" అని బావురుమన్నాడు. మందారిక ఆయన్ను పట్టుకుని తనూ ఏడ్చింది.

భట్టు తలవంచుకుని, "మూడేళ్ళుగా ప్రభువులు నా చాటింపు విన్నాకే మనుషుల్ని గుర్తుపడుతున్నారమ్మా. చెప్పడానికి భయపడ్డాను" అన్నాడు. వైద్యుడు అన్నీ పరీక్షించి, ఇది వయసు మీరాక మెదడుకు పట్టిన జబ్బేనని, మందుతో పూర్తిగా నయం కాదని తేల్చాడు.

"మంత్రిగారూ! శాపం తగిలినవారిని పంపమన్నారు గానీ, జబ్బు మనిషిని అడవికి పంపమని ఏ కట్టడిలో ఉంది?" అని మందారిక నిలదీసింది. మంత్రి చెంపలు వేసుకున్నాడు. మంచి ముహూర్తం చూసి మందారికకే పట్టం కట్టారు.

ఆ వేడుకలో పక్కనే కూర్చున్న తాతయ్య ఆమె చెవిలో, "ఎవరి మనవరాలివమ్మా? మహా చక్కగా ఉన్నావు. మీ తాత ఎవరో గానీ అదృష్టవంతుడు!" అన్నాడు.

"మీరే తాతయ్యా."

"నేనా!" అంటూ ఆయన ముఖం వెలిగిపోయింది.

ఆ తర్వాత ఆయన రోజూ ఆ మాటే అడిగేవాడు. రాణి మందారిక రోజూ ఆ జవాబే చెప్పేది. తాతయ్య రోజూ అంతే మురిసిపోయేవాడు.