గాలిముద్ర

మసిగుడ్డ కనిపించడం లేదని కామేశ్వరి పొద్దున్నుంచీ సణుగుతూనే ఉంది. పప్పుగిన్నెను చీర కొంగుతో దించబోయి చూపుడువేలు కాల్చుకుంది. అది మామూలు గుడ్డ కాదు. పోయిన భర్త పొందూరు ఖద్దరు పంచెను ముక్కలు చేసి, అంచులు మడిచి కుట్టుకున్న వాటిలో ఆఖరిది.

"షెడ్డుకి గాని పట్టుకెళ్ళావేటమ్మాయ్?"

"నా గుడ్డలు నాకున్నాయి అత్తయ్యా. మీ మసిగుడ్డతో నాకేం పని?" అంది శర్వాణి, చేతితొడుగులు వేసుకుంటూ.

ఇంట్లో ఉన్నది ముగ్గురు ఆడవాళ్ళు, గుడ్డకేమో కాళ్ళు లేవు, మరి ఎలా పోయిందో ఎవరైనా చెప్పాలి అని కామేశ్వరి వాదన. కిందటేడు పోయిన ఇత్తడి అట్లకాడ సంగతి కూడా పైకి తీసింది. మాటల స్థాయి గృహపరిమితి దాటుతోందని సర్కారువాళ్ళు గోడకు బిగించిన నిఘాయంత్రం, సాక్షి, మెల్లగా గుర్తుచేసింది. "నువ్వూరుకో" అన్నారు అత్తాకోడళ్ళిద్దరూ ఒకేసారి.

శర్వాణి పెరటి గుమ్మం దాటి తను బండ్లు బాగుచేసే షెడ్డులోకి వెళ్ళింది. మబ్బు అప్పటికే కొండ నడుముదాకా దిగింది. మేఘకాలంలో అనంతగిరి మీదికి మందుల డ్రోన్లు ఎగరవు. బ్యాటరీ లారీలు పొద్దున బయలుదేరితే సాయంత్రానికి గాని పైకి చేరవు. అందుకే అంతటా పెట్రోలు నిషేధించినా, కొండమీది ఆసుపత్రికి మందులు చేర్చే ఘాట్ దళానికి మాత్రం కొన్ని పెట్రోలు బండ్లను ఉండనిచ్చారు. వాటిలో ఒకటి, ముదురు నీలం రంగుది, బానెట్ తెరుచుకుని షెడ్డులో నిలబడి ఉంది. దాన్ని నడిపేది శర్వాణి ఆడపడుచు మేదిని.

ఇంజనుకు గాలి అందించే పాత ఇన్‌లెట్ పైపు రబ్బరుది. నిటారు మలుపుల్లో గాలిని తోడే టర్బో చక్రం బలంగా పీల్చినప్పుడల్లా అది లోపలికి నొక్కుకుపోయి ఇంజనుకు ఊపిరి సలపనిచ్చేది కాదు. ఓసారి లోయ పక్కనే బండి దమ్ము వదిలేసిందని మేదిని నవ్వుతూ చెప్పింది. చెప్పి, కంచంలో సగం అన్నం వదిలేసి లేచింది. శర్వాణికి ఆ నవ్వు కంటే ఆ వదిలేసిన అన్నమే గుర్తుండిపోయింది. బండ్ల పొగను అదుపుచేసే శ్వాసశాఖ ఒక్కో బండికి దాని ఆయుష్షులో ఒకేఒక్క పైపు మార్పు ఇస్తుంది. ఆ అవకాశాన్ని ఇప్పుడు వాడుకోమని శర్వాణే పట్టుబట్టింది.

కొత్తది అల్యూమినియం పైపు. వెడల్పుగా, లోపలంతా నునుపుగా ఉంది. టర్బో నోరు ఇంజను వెనక కిందివైపు ఉంటుంది, కంటికి ఆనదు. అక్కడ పనంతా వేళ్ళదే. ఆమె పైపు కొసను తడుముతూ నోటికి చేర్చి, క్లాంపును పట్టు దొరికేదాకా బిగించింది. ఇంకాస్త బిగిస్తే అతుకు దగ్గరి రబ్బరు కోసుకుపోతుంది. ఇంజను ఆవిర్లు వదిలే బ్రీదర్ గొట్టం తగిలించి, రెండో కొసను ఫిల్టర్ పెట్టెలోకి దించింది. పొగ పంపి చూసింది. ఎక్కడా లీకు లేదు.

"టర్బో నోరు?" అని అడిగింది షెడ్డులోని సాక్షి.

"శుభ్రం."

ఎన్నో బండ్లకు చెప్పిన మాట. అడిగీ అడగకముందే నోటినుంచి వచ్చేసింది. ఇంజను నెమ్మదిగా తిరిగింది. గాలి లెక్క హద్దులోనే ఉందని సాక్షి చెప్పింది. ఫిల్టర్ పెట్టె నుంచి టర్బోదాకా శ్వాసశాఖ ముద్రవలయాలు టకటకమని మూసుకున్నాయి. ఇక లోపలికి కెమెరా తీగ దూరేంత సందు కూడా లేదు.

చేతులు కడుక్కుని తుడుచుకోబోతే కొక్కేనికి నీలం గుడ్డ కనిపించింది. పైపు ఊడదీయగానే టర్బో నోటికి ఆ గుడ్డనే కుక్కుతుంది, లోపల ఏ మరా పడకుండా. దానికొక పొడవాటి ఎర్ర దారం కుట్టి ఉంటుంది. ఆ దారం బయటికి వేలాడుతున్నంతసేపూ బండి మూయకూడదనేది షెడ్డు కట్టుబాటు. నీలం గుడ్డ ఉతికి ఆరేసినట్టే, మడత నలగకుండా ఉంది. దారం దానికే చుట్టి ఉంది.

అంటే నిన్న దాన్ని వాడలేదు.

నిన్న పాత పైపు ఊడదీసిన క్షణంలోనే పాలు పొంగుతున్నాయని అత్తగారు కేకేసింది. శర్వాణి పరుగున వెళ్ళి గిన్నె దించింది. షెడ్డుకి తిరిగి వచ్చేటప్పుడు మసిగుడ్డ భుజం మీదే ఉంది. టర్బో నోటికి మెత్తటిదేదో కుక్కినట్టు వేళ్ళకు గుర్తుంది. ఈ పొద్దున దాన్ని తీసినట్టు మాత్రం గుర్తు లేదు.

బల్లల కింద చూసింది. బకెట్లన్నీ బోర్లించింది. నూనెగుడ్డల డబ్బాను చెత్తబండి తెల్లారగానే ఖాళీ చేసుకుపోయింది. మసిగుడ్డ అందులో పోయి ఉండొచ్చు. పోకుండానూ ఉండొచ్చు.

"లోపల గుడ్డ ఉందేమో చెప్పగలవా?"

"గాలి లెక్క హద్దులో ఉంది."

"పొందూరు ఖద్దరు పల్చగా ఉంటుంది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలి దాన్లోంచి పోతుంది. మలుపులో గట్టిగా పీలిస్తేనే చక్రానికి చుట్టుకుంటుంది."

"టర్బో నోరు శుభ్రం. ఆధారం: మీ మాట."

ఆ మాట చెప్పినది తనే. దాన్ని నమ్మిన యంత్రాన్నే ఇప్పుడు తిరిగి అడుగుతోంది. ముద్ర తెంపితే బండిని తీసుకుపోయి నుజ్జు చేస్తారు. అనుమతి లేని వెడల్పు పైపులు దొంగగా వేసుకునే మోసాలు జరిగిన కాలంలో పెట్టిన చట్టం అది, పొరపాటును లెక్కలోకి తీసుకోదు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. లోయ పక్కన బండి మళ్ళీ దమ్ము వదిలేదాకా.

మధ్యాహ్నం మేదిని దళం చొక్కాతోనే వచ్చి పీట మీద కూర్చుంది. మబ్బు చిక్కబడుతోందని, గబగబా నాలుగు ముద్దలు తిని బయలుదేరాలని చెప్పింది. కొత్త పైపు మోత వినాలని పొద్దున్నుంచీ ఆగలేకపోతోందట. కామేశ్వరి కాలిన వేలు ఎత్తిపట్టుకుని వడ్డిస్తోంది. శర్వాణి ముద్ద కలిపింది గాని నోట్లో పెట్టుకోలేకపోయింది.

"బండి వెళ్ళదు మేదినీ. అన్నాలయ్యాక నేను ముద్ర తెంపుతాను."

మేదిని చెయ్యి కంచంలో ఆగిపోయింది. శర్వాణి మిగతాది చెప్పింది, పాలగిన్నె మొదలుకుని చెత్తబండిదాకా. పైన ఆసుపత్రికి ఫోను చేశానని, మందుల పెట్టె అప్పుడే బ్యాటరీ లారీలో బయలుదేరిందని, ఈ రోజుకు అక్కడివాళ్ళు సర్దుకుంటామన్నారని కూడా చెప్పింది.

"గుడ్డ అందులో లేకపోతేనో?" అని అడిగింది మేదిని.

"ఉన్నా లేకపోయినా బండి పోతుంది. నాకు ఈ పనీ పోతుంది."

"ఉందో లేదో తెలీకుండానే నా బండి పీక కోస్తావన్నమాట."

"తెలీదు గనకే."

కామేశ్వరి గరిటె పప్పుగిన్నెలో వదిలేసింది. ఒక గుడ్డముక్క కోసం పొద్దున్నే అంత రాద్ధాంతం చేసి కోడలి మనసు చెడగొట్టానేమోనని నొచ్చుకుంది. మీరు అడగబట్టే కదా అత్తయ్యా తెలిసింది అంది శర్వాణి.

గోడమీది సాక్షి వెలిగింది. "ముద్రభంగం ప్రకటించారు. కారణం చెప్పండి. దొంగతనం, ప్రమాదం, మోసం."

"నా మాట మీద నాకే నమ్మకం లేదు."

"ఆ కారణం లేదు. మళ్ళీ చెప్పండి."

"శుభ్రం అన్నాను. అవునో కాదో నాకు తెలీదు."

సాక్షి ఆకుపచ్చ దీపం రెండుసార్లు ఆరి వెలిగింది. తర్వాత ఏ రంగూ లేకుండా ఉండిపోయింది. "వేచి ఉండండి" అంది సాక్షి. ఆ మాట అనడం ఆ ఇంట్లో ఎవరూ ఇంతవరకు వినలేదు.

మేదిని చొక్కా జేబులోంచి బండి తాళం తీసి పీట పక్కన పెట్టింది.

"ముందు మజ్జిగ పోసుకుని తిను వదినా" అంది. "ముద్ర నేను కోస్తాను. టర్బో నోట్లో చెయ్యి నువ్వు పెట్టు."