డ్రోనుకు కట్టిన జీడిగింజ

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై ఎనిమిదో ఏట. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడన్నా తప్పితే మన్నించి చదువుకోండి. చెయ్యి నెమ్మది, ఈ కాస్త రాయడానికే పన్నెండు రోజులు పట్టింది.

శంషాబాద్‌లో కౌసల్యమ్మ ఇంట్లో ఆ పొద్దున ఉప్మా. పైన విమానం దిగుతుంటే గిన్నెల స్టాండు సన్నగా వణికింది. అది రోజూ ఉండే చప్పుడే. నవ్వుల చప్పుడే లేదు ఆ ఇంట్లో, మూడు రోజులుగా.

కోడలు అనుపమ పొలాలకు మందు కొట్టే డ్రోన్ నడుపుతుంది. శిక్షణకు పోయి పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకుంది. ఎయిర్‌పోర్టు దగ్గర కాబట్టి ఇంటి ముందు దాన్ని జానెడు కూడా లేపకూడదు. ట్రాలీ ఆటోలో వేసుకుని, ఎగరేయడానికి అనుమతి ఉన్న మహేశ్వరం అవతలి చేలకు తీసుకుపోయేది. సోమవారం కుర్మయ్య పత్తి చేనులో ఆ డ్రోన్ లేచిన నిమిషానికే ఒక పక్కకు ఒరిగి, గట్టు మీదున్న కుర్మయ్య మీదికే వచ్చింది. ముసలాయన కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. రెక్క తగిలి రెండు వేళ్ల నరాలు తెగాయి. ఇంకో ఆపరేషన్ చేస్తే తప్ప ఆ వేళ్లు వంగవన్నారు డాక్టర్లు. దానికి డబ్బు కుర్మయ్య దగ్గర లేదు, వీళ్ల దగ్గరా లేదు. మిగిలింది ఇన్సూరెన్సు. పదకొండింటికి వస్తానని, నష్టం చూసి రాసే కంపెనీ సర్వేయర్ ఫోన్ చేసింది.

"గాలి గట్టిగొచ్చిందని చెప్పు. ఇంకేం చెప్పకు," అన్నాడు కొడుకు ఉపేందర్. అతను ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. ఆ రోజు బండి తియ్యలేదు.

"గాలి రాలే. గాలి ఎంతున్నదో రిమోటుల రికార్డయితది," అంది అనుపమ.

"మరెట్ల పడ్డదే? నీకు తెల్వది, నాకు తెల్వది. ఊరోళ్లకు మాత్రం తెలుసట. ఆడామె చేతికి రిమోటిస్తే గిట్లనే ఉంటదంటున్నరు."

"నువ్వేమన్నవ్ వాళ్లను?"

"ఏమంట? తల వంచుకొని వచ్చిన. ఇగ ఈ పని బంద్ చెయ్యి."

అనుపమ రిమోటు పెట్టెను దగ్గరకు లాక్కుంది. పొయ్యి దగ్గరున్న కౌసల్యమ్మ గరిటె పక్కన పెట్టింది. ఎట్లా పడిందో ఆమెకు తెలుసు.

డ్రోన్ పడడానికి ముందు రోజు పక్కింటి సంతోషి వచ్చి, డ్రోన్ చుట్టూ రెండుసార్లు తిరిగి, "నీ కోడలికేం పెద్దమ్మా, ఆకాశంల సంపాయిస్తున్నది," అనిపోయింది. ఆ చూపు కౌసల్యమ్మకు నచ్చలేదు. సోమవారం పొద్దున అనుపమ మిషన్ చూసుకుని, రెక్కలను మోసే దాని నాలుగు కడ్డీల చేతులూ మడిచి, చాయ్ తాగడానికి లోపలికి పోయింది. ఆ సందులో కౌసల్యమ్మ దిష్టి తగలకుండా జీడిగింజ గుచ్చిన నల్లదారం తెచ్చి ఒక చేతికి చుట్టి ముడేసింది. పసిపిల్లల మొలకు, బర్రె మెడకు, కొడుకు కారుకు కట్టిన చేతులే అవి. నల్ల కడ్డీ మీద నల్లదారం ఎవరికీ కనపడదు. మడిచిన చెయ్యి చేనులో విప్పుతారనీ, విప్పితే సరిగ్గా ఆ చోటే రెక్క తిరుగుతుందనీ ఆమెకేం తెలుసు?

ఎడమ పక్క ముందు రెక్క ఆగిపోయిందని వినగానే ఆమెకు అర్థమైంది, తాను దారం కట్టింది ఆ చేతికే. డ్రోన్‌కు పైనుంచి ఏదన్నా కడితే ఇన్సూరెన్సు కంపెనీ పైసా ఇవ్వదని కొడుకు ఫోనులో చదివి చెప్పాడు. నోరు విప్పితే కుర్మయ్య వేళ్లు పోతాయి. విప్పకపోతే కోడలు మాటలు పడుతూనే ఉంటుంది.

పదకొండుకు సర్వేయర్ స్వర్ణలత వచ్చింది. విజయవాడ మనిషి, మాట మెత్తన. సర్టిఫికెట్ చూసింది, డ్రోన్ మీది నంబరు చూసింది, ఫోనులో మ్యాపు చూసింది.

"అన్నీ ఉన్నాయండీ. చేను కూడా అనుమతి ఉన్న చోటే. కొన్ని ప్రశ్నలు అడుగుతాను, మీ జవాబులు రాసుకుంటాను. చేనులో ఎగరేసే ముందు డ్రోన్‌ని మళ్లీ చెక్ చేశారా?"

అనుపమ ఒక్క క్షణం ఆగింది. "చేసిన మేడం."

"దానికి బయటివి ఏమైనా తగిలించారా?"

"లేదు." ఈసారి జవాబు వెంటనే వచ్చింది.

"అయితే ఇక్కడ సంతకం పెట్టండి."

పెన్ను కాగితానికి ఆనింది. కౌసల్యమ్మ వచ్చి కోడలి మణికట్టు పట్టుకుంది.

"ఆగు బిడ్డా. నేను కట్టిన మేడం. జీడిగింజ కట్టిన."

"అత్తమ్మా, మీరు లోపలికి పోండి," అంది అనుపమ. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది.

కౌసల్యమ్మ పోలేదు. నిలబడే అంతా చెప్పింది. ఉపేందర్ గోడకు జారగిలబడ్డాడు. "ఇగ అయిపోయింది. కుర్మయ్య చెయ్యి పాయె," అన్నాడు.

"ఆ దారం ఎక్కడుంది?" అడిగింది స్వర్ణలత.

అనుపమ లేచి, రిమోటు పెట్టె అడుగు నుంచి చిన్న కవరు తీసి బల్ల మీద పెట్టింది. అందులో చిక్కుపడిన నల్లదారం, పగిలిన గింజ.

"తాతను దవాఖానకు పంపినంక చూసిన. రెక్కకు సుట్టుకొని ఉండె. కోసి దాసిన," అంది. "చేనుల చెక్ చెయ్యలే మేడం. మబ్బు పట్టింది, తాత తొందర పెట్టిండు. చూసినట్టు ఫోనుల టిక్కు కొట్టి లేపిన. చూసుంటే కనపడుతుండె."

కౌసల్యమ్మ కోడలి వైపు తిరిగింది. ఈ పిల్ల మూడు రోజులు మొగుడితో మాటలు పడింది, అంతా తెలిసే పడింది.

స్వర్ణలత పెన్ను మూసింది. "జనం పొరపాట్లు చేస్తారనే ఇన్సూరెన్స్ పెట్టారండీ. అందరూ అన్నీ సరిగ్గా చేస్తే నాకు ఉద్యోగమే ఉండదు. అబద్ధం మాత్రం అలా కాదు. ఇందాకటి జవాబుల కింద సంతకం పెట్టి ఉంటే, రేపు మిషన్ విప్పినప్పుడు బయటపడి మొత్తం క్లెయిమే కొట్టేసేవారు."

"ఇప్పుడు గూడ ఇయ్యరు గద?" అన్నాడు ఉపేందర్.

"మీ పాలసీలో రెండు భాగాలున్నాయి. ఒకటి మీ డ్రోన్‌కి. చెక్ చేయలేదు, దారం కట్టారు, అది రావడం కష్టం. రెండోది థర్డ్ పార్టీ. మీ వల్ల బయటి మనిషికి దెబ్బ తగిలితే అతనికి ఇచ్చేది. నడిపింది సర్టిఫికెట్ ఉన్న పైలటే, చోటు సరైనదే. కుర్మయ్యగారికి ఇవ్వాలనే రాస్తాను. నిర్ణయం ఆఫీసుది."

పాత కాగితం చించేసి కొత్తది రాసింది. అనుపమ సంతకం పెట్టింది. తన మాటల కింద కౌసల్యమ్మ వేలిముద్ర వేసింది.

స్వర్ణలత వెళ్లిపోయాక ఉపేందర్ మెల్లగా, "నాకు చెప్తే అర్థం చేసుకోకపోదునా?" అన్నాడు.

"మూడు రోజులు మంచిగనే అర్థం చేసుకున్నవ్," అంది అనుపమ.

"నాకన్నా ఎందుకు చెప్పలే బిడ్డా?" అంది కౌసల్యమ్మ.

"చెప్తే మీరు బతుకుతుంటిరా అత్తమ్మా? నాకు దిష్టి తగలొద్దనే గద కట్టిండ్రు." అప్పటిదాకా బిగబట్టుకున్న పిల్ల అత్త భుజం మీద వాలి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆపరేషన్‌కు ఆఫీసు ఒప్పుకున్నదన్న కబురు రావడానికి ఇంకా పద్దెనిమిది రోజులు పట్టింది. డ్రోన్‌కు ఏమీ రాలేదు. కౌసల్యమ్మ ఆ కబురు కోసం ఆగలేదు. సర్వేయర్ వచ్చిపోయిన ఆ మధ్యాహ్నమే కోడల్ని వెంటబెట్టుకుని దవాఖానకు పోయింది.

కుర్మయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు, కుడిచేతికి మోచేతి దాకా కట్టు. కౌసల్యమ్మ నిలబడే చెప్పింది, ఒక్క మాట దాచకుండా.

"నామీద కోపమున్నదా అన్నా?"

"ఉన్నది. చెయ్యి గిట్లయితే ఉండదా?" అన్నాడు. పక్కనున్న స్టీలు అన్నం డబ్బా వైపు గడ్డం ఎత్తాడు. "మా ఇంటామె పొద్దున పెట్టిపోయింది. ఎడమచేత్తోని కలుపుకొనుడు రాదు. జర కలిపియ్యి చెల్లె."

కౌసల్యమ్మ చెయ్యి కడుక్కుని వచ్చింది. డబ్బా మూత తీసి, పప్పు పోసి, మెతుకు మెతుకూ నలిగేలా కలిపింది. కళ్లలోంచి కారే నీళ్లు అన్నంలో పడకుండా మొహం పక్కకు తిప్పుకుని కలుపుతూనే ఉంది. అనుపమ స్పూను పట్టుకుని మంచం పక్కన కూర్చుంది. కుర్మయ్య నోరు తెరిచాడు.

ఇది రాసింది సత్తెమ్మ, అరవై ఆరేళ్లు. ఇప్పుడు ఉంటున్నది బుద్వేల్.