గన్నేరు కంచె గొడవ

"మీ కంచె విషం. పీకెయ్యండి."

పక్కింట్లో కొత్తగా దిగిన పశువుల డాక్టరు గేటు దగ్గర నిలబడి అన్న మొదటి మాట ఇది. నమస్కారం లేదు, పరిచయం లేదు. వసారాలో ఫ్యాన్ మోటారు విప్పుతున్న మెకానిక్ తలెత్తి చూశాడు.

"ఏదండీ, ఈ ఎర్రగన్నేరా? గన్నేరుపప్పు విషమని అందరికీ తెలుసు. కానీ అది పచ్చగన్నేరు కదా."

"రెండూ గుండెనే పట్టుకుంటాయి. దీనికి ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. మనిషికైనా, కుక్కకైనా."

"మేం నాటి ఏళ్ళయింది. ఒక్క పిల్లి కూడా చావలేదు."

"చస్తే పీకుతారా?"

కోపం వస్తే డాక్టరమ్మ కళ్ళజోడు ముక్కు చివరకి జారుతుంది. మెకానిక్ జవాబు వెతుక్కోవడం మానేసి అదే చూస్తూ కూర్చున్నాడు. మగవాడి తెలివి ఇంతే. ఎదుటి మనిషి ప్రాణం సంగతి చెబుతుంటే వీడు ముక్కు చూస్తాడు.

ఆ రోజు నుంచి క్లినిక్‌కి వెళ్తూ ఒక తిట్టు, వస్తూ ఒక తిట్టు. ఆమె వెంట ఒక కుంటి మేక. వైద్యానికి తెచ్చినవాళ్ళు మళ్ళీ మొహం చూపించకపోతే ఆమే పెంచుకుంటోంది. అది కనబడ్డ ప్రతి సంచిలోనూ తల పెడుతుంది కాబట్టి దాని పేరు ఇన్‌స్పెక్టర్.

"ఇన్‌స్పెక్టర్ గారే వాసన చూసి వద్దన్నారు కదండీ. అంత చేదు ఎవరు తింటారు?" అన్నాడు ఒకరోజు.

"మీకు చెప్పేకన్నా మీ టేబుల్ ఫ్యాన్‌కి చెప్పడం నయం. అదైనా తల ఆడిస్తుంది!"

తర్వాత ఆమె మేకను వెంటబెట్టుకుని వారం రోజుల పశువైద్య శిబిరానికి వెళ్ళింది. తిట్టేవాళ్ళు లేక మెకానిక్‌కి తిండి సహించలేదు. ఆమె వచ్చేలోగా మెప్పించాలని కత్తి తీశాడు. "ఒరేయ్, నా పూలురా!" అని తల్లి మొత్తుకున్నా వినలేదు. కంచె మొత్తం నరికి, ఎండాక తగలబెడదామని పిట్టగోడ వారగా కుప్ప పోశాడు.

ఆమె రానే వచ్చింది. బోసిపోయిన గేటు చూసి ఆగిపోయింది.

"నరికేశారా? నిజంగానా?"

మొదటిసారి నవ్వింది. మెకానిక్ ఆ నవ్వు చూస్తూ నేల మీద లేడు. ఇంతలో కరకర చప్పుడు. కుప్ప దగ్గర ఇన్‌స్పెక్టర్ ఎండాకులు నములుతోంది.

"నరికి ఇక్కడ పోశావా!" మేకను లాగుతూ అరిచింది. "ఎండితే చేదు తగ్గుతుందయ్యా, విషం తగ్గదు!"

"తగలబెడదామని..."

"పొగ కూడా విషమే!"

గౌరవాలు ఆ పొగలోనే పోయాయి.

వెంటనే ఆమె తన ముందుగదిలో మేకకి గొట్టంతో, విషాన్ని పీల్చుకునే బొగ్గుపొడి మందు పట్టింది. అయినా మధ్యాహ్నానికి అది చొంగ కారుస్తూ కూలబడింది. గుండె తప్పటడుగులు వేస్తోంది. ఇంజెక్షన్ చేసి, స్టెతస్కోప్ పెట్టుకుని నేల మీద కూర్చుంది.

"గట్టిగా మాట్లాడకు. బెదిరితే దీని గుండె ఆగిపోవచ్చు."

అలా ఆమె తిట్లన్నీ గుసగుసల్లోకి దిగాయి.

"బుద్ధుందా?"

"లేదు."

"సగం వింటావు, సగం చేస్తావు. ఏదీ, చేతులు చూపించు. గ్లౌజులు లేకుండా నరికావా? ఎలా కందిపోయాయో! సబ్బుతో కడుక్కో. కళ్ళు మాత్రం నులుముకోకు, నీకు పుణ్యముంటుంది."

కడుక్కొచ్చి పక్కన కూర్చున్నాడు. "నువ్వు సంతోషిస్తావని నరికాను. నువ్వంటే నాకు ఇష్టం."

"ఇదా సమయం?"

"కాదు. కానీ ఇప్పుడైతే అరవలేవు కదా."

ఆమె స్టెతస్కోప్ తియ్యలేదు. పళ్ళు మాత్రం కొరికింది. "ఇది బతకనీ, అప్పుడు చెప్తా. చచ్చిందో, జన్మలో నీ మొహం చూడను."

"ఏరా, అన్నానికి..." అంటూ తల్లి దూసుకొచ్చింది. ఇద్దరూ ఒకేసారి "ష్!" అన్నారు. మేకను చూసి ఆవిడ గుమ్మంలోనే కూలబడింది.

"నా పూల చెట్టేనా ఇంత పని చేసింది?"

"అవునండీ."

"అయ్యో, ఈ మాట ముందే చెప్పొద్దటమ్మా?"

డాక్టరు కళ్ళు గట్టిగా మూసుకుని గోడకి తల ఆనించింది.

సాయంత్రం తల్లీకొడుకులు గ్లౌజులు తొడుక్కుని, ఒక్క ఆకు మిగలకుండా ఏరి మూటలు కట్టారు. మొదళ్ళు కూడా తవ్వేశారు.

మర్నాడు పొద్దున మేక లేచి, నాలుగు కాళ్ళ మీద వణుకుతూ నిలబడి, "మే" అంది. డాక్టరు స్టెతస్కోప్ తీసి బల్ల మీద పెట్టింది. చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటి గేటు ముందుకొచ్చి నిలబడింది.

"బయటికి రా! బతికింది! నీలాంటి మొండి మనిషిని నేనెక్కడా చూళ్ళేదు! మంచి మాట చెవికెక్కదు, ఎక్కినా తిన్నగా చెయ్యవు! నిన్నటి నుంచి గొంతు నొక్కుకుని చస్తున్నా! అయినా సరే, నువ్వంటే నాకూ ఇష్టమే! అర్థమైందా?"

వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. మెకానిక్ నోరు కూడా తెరుచుకుంది. వంటింట్లోంచి తల్లే జవాబు చెప్పింది.

"వీధి మొత్తానికి అర్థమైందమ్మా! వాడికి నేను నిదానంగా చెప్తాలే. నువ్వు లోపలికి రా, కాఫీ తాగుదువుగాని."