అడవికి దొంగ తూనికరాయి

"చెట్టు ముట్టుకోకుండానే అడవి కొట్టేస్తారట," అన్నాడు పెద్దాయన, ఫైలు బల్లమీదికి తోస్తూ.

ఎదురుగా కూర్చున్న ఏజెంటుని డిపార్ట్‌మెంటులో అందరూ తక్కెడ అంటారు. ఏ మాటైనా తూచందే పుచ్చుకోడు.

పెద్దాయన బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు. అడవి పగలు ఎంత కార్బన్ మింగిందో ఉపగ్రహం ఆకుల మెరుపు చూసి అంచనా కడుతుంది. రాత్రి ఎంత వదిలిందో నేల వేడిమిని బట్టి లెక్కగడతారు. మింగిన దానికంటే వదిలింది ఎక్కువని తేలితే అడవి చచ్చినట్టే. నరకడానికి అనుమతి ఇచ్చేస్తారు. ఉపగ్రహం అంచనాకి తూనికరాయి అడవి నడుమనున్న టవర్. ఏడాదికొక్కసారి, ఉపగ్రహం నెత్తిమీదికి వచ్చే వేళకి, టవర్ యంత్రం చూపే అంకెతో అంచనాని సరిచేస్తారు. ఆ వేళ రేపు మధ్యాహ్నం ఒకటిన్నర. కలప కోసం ఓ విదేశీ ముఠా ఆ యంత్రం మీద కన్నేసింది.

"అక్కడ మన మనిషి ఉంది. నల్లకళ్ళద్దాల మేడమ్. గాలి ఎటని అడుగు. ఆకు ఎటూగితే అటని చెబుతుంది. అదే కోడ్."

"మనిషి మనదా, జీతం ఒక్కటే మనదా?"

పెద్దాయన ఫైలు వెనక్కి లాక్కుని మూసేశాడు.

మర్నాడు పన్నెండున్నరకి తక్కెడ నెరిసిన పెట్టుడు మీసంతో, సిలిండర్లు చేరవేసే కూలీ వేషంలో టవర్ కింది రేకుల గదికి చేరాడు. అంత దుమ్ములోనూ మేడమ్ తెల్లచొక్కా మాసిపోలేదు. కోడ్ తడుముకోకుండా చెప్పింది. యంత్రాన్ని సరిచూసే గ్యాస్ సిలిండర్ దగ్గర అతను వంగాడు. సీలు కొత్తది, మెడ దగ్గర పెయింటు చెక్కుకుపోయింది. అదేమిటో తేల్చుకునేలోపే అతని మెడమీద దెబ్బ పడింది.

కళ్ళు తెరిచేసరికి చేతులు వెనక్కి విరిచి సిలిండర్‌కి కట్టేసి ఉన్నాయి. వాచీలో దాచిన రేడియో లేదు. ఏసీ ఆగిపోయింది. కాలు చాపితే ఎదురుగోడ తగులుతోంది. యంత్రం తెర మీద ఒంటిగంటా పంతొమ్మిది.

కిటికీ సందులోంచి మేడమ్ గొంతు వినిపించింది. "సిలిండర్ మార్చేశాం, బాబాయ్. ఇక అడవి మింగేది యంత్రానికి సగమే కనిపిస్తుంది. రెండు గంటలకల్లా ఫైలు మూసేస్తారు. నీకు తలుపెవరు తీస్తారో మాత్రం నేను చెప్పలేను."

గడియ పడింది. అరిచినా ఆరు మైళ్ళలో వినేవాడు లేడు. గుంజిన కొద్దీ తాడు బిగిసింది. టవర్ కొసనుంచి గాలి తెచ్చే గొట్టం చెంప పక్కనే యంత్రంలోకి దూరుతోంది. పళ్ళతో పీకేయొచ్చు. కానీ యంత్రం మూగబోతే అంతకు నిమిషం ముందరి అంకె వాడతారు. అదీ ఆమె అంకే.

చెమట కళ్ళలోకి దిగుతుంటే తక్కెడ తూచుకున్నాడు. తరుగు కొద్దిగా కొడితే బేరగాడు సర్దుకుపోతాడు. బస్తాకి బస్తా మాయం చేస్తే సంత సంతంతా పోగవుతుంది. ఆమె అబద్ధం కుదురైన అబద్ధం, అందుకే చెల్లుతుంది. దాన్ని నిజం చేయడం తన వల్ల కాదు. ఎవరూ నమ్మనంత పెద్దది చేయడం మాత్రం అవుతుంది. నమ్మశక్యం కాని అంకె వస్తే ఆ రోజు లెక్కంతా కొట్టేసి, పోయినేటి తూనికరాయే ఉంచాలని నిబంధన.

ఒకటీ ఇరవై ఎనిమిది. గొట్టం పళ్ళతో పీకి, యంత్రం నోటికి పెదాలానించి ఊదాడు. ఊపిరిలోని కార్బన్‌కి నాలుగొందలున్న అంకె వేలల్లోకి, నలభై వేలకి ఎగబాకింది. కళ్ళు బైర్లు కమ్ముతున్నా ఊదుతూనే ఉన్నాడు. ఒకటీ ఇరవై తొమ్మిదీ యాభై తొమ్మిది సెకన్లకి తెర ఎర్రబడింది. రీడింగ్ రద్దు.

బయట లాప్‌టాప్‌లో అది చూసిన మేడమ్ గడియ లాగి, గొట్టం తిరిగి తగిలించడానికి పరుగున వచ్చింది. చేతులు కట్టారు గాని కాళ్ళు కట్టలేదు. ఆమెను పడగొట్టి రెండు కాళ్ళ నడుమ బిగించాడు. అంకె చెడితే టవర్ చూడ్డానికి రావడం అటవీ గార్డుల విధి. వాళ్ళ జీపు వచ్చేదాకా పట్టు వదల్లేదు.

సాయంత్రం పెద్దాయన రిపోర్టు చదివాడు. "రద్దుకి కారణం: యంత్రం దగ్గర పశువు ఊపిరి."

అది దిద్దించమన్నాడు తక్కెడ.

"దిద్దితే నువ్వెవరో బయటపడుతుంది," అన్నాడు పెద్దాయన. "ఈ ఫైల్లో పశువుగానే ఉండు నాయనా."