రాడార్ గదిలోకి ఒక వాక్యం

"మీ వదినే," అన్నాడు చీఫ్, చొక్కా మీద నీళ్లు చిలకరిస్తూ.

ఆ లాండ్రీలో ఆయనది ఇస్త్రీవాడి వేషం. ఎదురుగా బట్టల మూటతో నిలబడ్డ ఏజెంటును హార్బర్ ఆఫీసులో అందరూ పిన్ని అంటారు. కాంట్రాక్టుల సెక్షన్లో అసిస్టెంటు. ఆ సెక్షన్ హెడ్డు ఆమె భర్త అక్కగారే. ఉద్యోగం ఇప్పించిందీ ఆవిడే. మరదలు గూఢచారి అని మాత్రం ఆవిడకు తెలియదు.

"రాడార్ మెయింటెనెన్స్ కాంట్రాక్టు. ఏమేం పనులు చెయ్యాలో రాసే స్టేట్‌మెంట్ ఆఫ్ వర్క్ ఈ సాయంత్రం సప్లయర్ అప్రూవల్‌కి వెళ్తోంది. సప్లయర్ పంపిన మనిషిని తనిఖీ లేకుండా రాడార్ గదిలోకి వదలాలని అందులో ఒక వాక్యం దూర్చారు. అప్రూవ్ అయితే మర్నాడే విదేశీ ముఠా లోపలుంటుంది."

"వదిన రాసిందని ఎవరన్నారు?"

"హంస. సప్లయర్ కంపెనీలో మన మనిషి. సాయంత్రంలోగా మీరు వేరే మనిషిని చూపించకపోతే, మీ వదిన చేతులకి బేడీలే."

ఏళ్ల తరబడి ఒకే వంటింట్లో తిరిగిన మనిషి. పాలు మాడిస్తే తప్పు పొయ్యి మీదకు నెట్టేస్తుంది గానీ, దేశాన్ని అమ్ముతుందా? పిన్ని ఆఫీసుకెళ్లి వదిన స్టాప్లర్ కింద మైకు అంటించి, చెవి కమ్మలో రిసీవర్ పెట్టుకుంది. ఆవిడ మాటిమాటికీ స్క్రీన్ పక్కకు తిప్పుకోవడం చూసింది.

"ఏంటే, పిల్లి ఎలకని చూసినట్టు నన్ను చూస్తున్నావ్?"

"కళ్లజోడు కొత్తదా అని, వదినా."

"పాతదే. నీ మొగుడు దాని మీద కూర్చుంటే అతికించుకున్నా."

కాసేపటికి కమ్మలో వదిన గొంతు, ఫోన్లో ఎవరితోనో గుసగుసలాడింది. "నువ్వు రాసిచ్చిందే పెట్టేశా అమ్మాయ్. ఒక్క అక్షరం మార్చలేదు. మా మరదలికి కూడా తెలీదు."

పిన్ని వదినను ఫైళ్ల గదిలోకి లాక్కెళ్లి తలుపు వేసింది.

"ఎవరు రాసిచ్చారు?"

వదిన మొహం పాలిపోయింది. "మెల్లిగా అనవే! యాంటెనాలూ, బోల్టులూ నాకేం తెలుసు? చెయ్యాల్సిన పనేంటో సప్లయర్ వాళ్లే రాసిస్తారు. మనం అతికించి, ఆమోదానికి మళ్లీ వాళ్లకే పంపుతాం. ఈ ఆఫీసులో అందరం చేసేదదే. ఎవరు చదువుతారు?"

"రాసింది ఎవరు వదినా?"

"ఆ ముత్యాల దండ పిల్ల, హంస. కాన్ఫరెన్స్ హాల్లో కూర్చుందిగా."

హంస! రాసిందీ అదే, తన మీదకు రాకుండా వదిన పేరు చెప్పిందీ అదే. రెండు వైపులా జీతం తింటోంది.

"పంపేశారా?"

"పంపబోతున్నా."

"ముందు నన్ను మీ కుర్చీలో కూర్చోనివ్వండి. ఎందుకో ఇంటికెళ్లాక చెప్తా."

"ఇంట్లో నువ్వేనాడు చెప్పి చచ్చావ్!"

దుమ్ము తుడవడం, గ్రీజు పూయడం గురించిన పేరాల మధ్య ఆ వాక్యం బుద్ధిమంతురాలిలా కూర్చుని ఉంది. పిన్ని దాన్ని చెరిపేసి, ఆ చోట మరొకటి టైపు చేసింది. సబ్‌మిట్ నొక్కి, సెక్యూరిటీకి ఫోన్ చేసి, కాన్ఫరెన్స్ హాల్లోకి వెళ్లింది.

హంస ఫోన్ మోగింది. పత్రం తెరిచి, వేలితో పైకి తోసింది. గ్రీజు పేరా రాబోతోంది. అది చదివితే పిన్ని పని అయిపోయినట్టే.

"ఒకసారి చదువుకోండి మేడమ్," అంది, వీలైనంత విసుగ్గా.

హంస వేలు ఆగింది. తల ఎత్తి నవ్వింది. "ఎందుకూ? మీ వదినగారి రాత మీద నాకు నమ్మకం."

అప్రూవ్ నొక్కేసింది.

సెక్యూరిటీ వాళ్లు గుమ్మంలో నిలబడ్డారు. పిన్ని ప్రింటు తీసి చదివింది. "'ఈ పత్రాన్ని ఆమోదించిన సప్లయర్ ప్రతినిధి, తన ఫోన్లూ, సంచీ, ఒంటి మీది నగలూ వెంటనే తనిఖీకి ఇవ్వడానికి ఒప్పుకున్నట్టే.'"

హంస చెయ్యి దండ మీదకు పోయింది. "ఇది నేను రాయలేదు!"

"మరి మీరు రాసిందేది?"

సెక్యూరిటీ వాళ్లు దండ అందుకున్నారు. దండలో పెద్ద ముత్యాన్ని విప్పితే ట్రాన్స్‌మిటర్ బయటపడింది.

హంసను తీసుకుపోయాక, గుమ్మంలో నిలబడి అంతా చూసిన వదిన వచ్చి కుర్చీలో కూలబడింది. పెన్ను తీసి, తెల్ల కాగితం ముందుకు లాక్కుంది.

"సరే, ఇక మీదట నేనే రాస్తా. ముందు ఒక్కటి చెప్పవే, ఆ రాడార్ అనేది చూడ్డానికి ఎలా ఉంటుంది?"